ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరి: రెండు రోజుల్లో నిదానంగా చూసి రావడం ఎలా?

కొచ్చి వెళ్ళొచ్చిన వాళ్ళలో చాలామంది "ఏముందండీ అక్కడ, నాలుగు వలలు, ఒక చర్చి" అంటారు. తప్పు వాళ్ళది కాదు. మున్నార్ వెళ్ళే దారిలోనో, అలెప్పీలో హౌస్‌బోటు దిగి వచ్చేటప్పుడో టూరు బండి ఇక్కడ మూడు గంటలు ఆగుతుంది. ఆ మూడు గంటలు శుక్రవారం మధ్యాహ్నం పడ్డాయా, ప్యాలెస్‌కు తాళం, యూదుల ప్రార్థనా మందిరానికి తాళం, వలలేమో ఎండలో ఊరికే వేలాడుతుంటాయి. అదే ఊరిని బుధవారం పొద్దున పడవ దిగి నడుచుకుంటూ చూస్తే ఇంకోలా ఉంటుంది. ఏ వారం వెళ్ళాలి, ఏ వేళకు ఎక్కడ ఉండాలి, ఎటువైపు నుంచి ఊళ్ళో అడుగుపెట్టాలి అన్న మూడూ కుదుర్చుకుంటే రెండు రోజులు సరిపోతాయి.

ముందు ఊరి రూపు తెలుసుకోండి

కొచ్చి ఒకే ముక్కగా ఉన్న ఊరు కాదు, నీళ్ళ మధ్య చెదిరిన కొన్ని ముక్కలు. రైల్వే స్టేషన్లు, మెట్రో రైలు, పెద్ద ఆస్పత్రులు, మాల్స్ ఉన్నది ఎర్నాకుళం. దానికి పడమర వైపు కాయల్, అంటే సముద్రంతో కలిసే ఉప్పునీటి సరస్సు. మధ్యలో విల్లింగ్‌డన్ దీవి. అది దాటితే సముద్రపు అంచున ఫోర్ట్ కొచ్చి, దానికి ఆనుకుని మట్టాంచేరి. ఓడలు లోపలికి వచ్చే పాయకు ఆవలి గట్టు వైపిన్. పాత ఊరంటే ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరి రెండే. వాటి మధ్య దూరం మూడు కిలోమీటర్లకు మించదు.

1341లో పెరియార్ నదికి వచ్చిన పెద్ద వరదతో ఉత్తరాన ఉన్న ముజిరిస్ రేవు పూడిపోయి, ఇక్కడ ఓడలకు దారి తెరుచుకుందని చెబుతారు. మిరియాల బేరం ఈ రేవుకు మళ్ళింది. ఆ మిరియాల కోసమే 1500లో పోర్చుగీసువాళ్ళు వచ్చారు. 1663లో వాళ్ళను వెళ్ళగొట్టి డచ్చివాళ్ళు, 1795లో డచ్చివాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్ళు ఊరు తీసుకున్నారు. ఈ చివరి మూడు సంవత్సరాలూ ఫోనులో రాసిపెట్టుకోండి. ఇక్కడి ప్రతి కట్టడానికీ కట్టినవాళ్ళు ఒకరు, బాగుచేసినవాళ్ళు ఒకరు, పేరు మిగిలింది ఇంకొకరిది. ఈ మూడేళ్ళు గుర్తుంటే ఆ చిక్కు మీకే విడిపోతుంది.

ఏ నెల, ఏ వారం

మంగళ, బుధ, గురువారాల్లో ఏ రెండు రోజులైనా పట్టుకోండి. మట్టాంచేరి ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. యూదుల ప్రార్థనా మందిరం శుక్రవారం మధ్యాహ్నం నుంచి మూస్తారు, శనివారం పూర్తిగా మూసే ఉంటుంది, వాళ్ళ పండగలకూ అంతే. సోమవారం మ్యూజియాలకు సెలవు. ఆదివారం పొద్దున చర్చిల్లో ఆరాధన జరుగుతుంది కాబట్టి తిరిగి చూడడం కుదరదు, పైగా ఎర్నాకుళం జనమంతా పిల్లలతో కలిసి పడవ క్యూలో ఉంటారు. వారాంతం కలిసొస్తుందని శుక్ర, శని పెట్టుకునేవాళ్ళే ఇక్కడ ఎక్కువ నష్టపోతారు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. అప్పుడు కూడా చలి ఉండదు, చెమట తగ్గుతుంది, అంతే. మార్చి నుంచి మే వరకు ఉక్క. విజయవాడ ఎండ అలవాటైన వాళ్ళకు ఎండ లెక్క కాదు కానీ గాలిలో తేమ అలసట తెప్పిస్తుంది. పన్నెండు నుంచి మూడున్నర దాకా నీడపట్టున ఉండేలా చూసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాన. నడక సాగదు, వీధుల్లో నీళ్ళు నిలుస్తాయి.

నవంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకు అయ్యప్ప సీజన్. మన వైపు నుంచి కేరళ వెళ్ళే రైళ్ళన్నీ స్వాములతో నిండిపోతాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే చేసుకోకపోతే దొరకదు. శబరిమల వెళ్ళే తెలుగువాళ్ళు ఏటా లక్షల మంది ఎర్నాకుళం మీదుగా పోతూ ఈ పాత ఊరిని చూడకుండానే వెనక్కి వస్తారు. దర్శనం అయ్యాక తిరుగు టికెట్ రెండు రోజులు వెనక్కి జరిపితే చాలు.

డిసెంబరు 31 రాత్రి ఫోర్ట్ కొచ్చిలో పాప్పాంజి దహనం జరుగుతుంది. గడిచిన ఏడాదికి గుర్తుగా పెద్ద ముసలాయన బొమ్మను అర్ధరాత్రి తగలబెడతారు. చూడముచ్చటే, కానీ ఆ రాత్రి రోడ్లు మూసేస్తారు, ఇసుక వేస్తే రాలని జనం. చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో అయితే ఆ రెండు రోజులూ వద్దు. కొచ్చి ముజిరిస్ బినాలే అనే కళాప్రదర్శన 2012 డిసెంబరులో మొదలైంది. జరిగే సంవత్సరాల్లో డిసెంబరు నుంచి మార్చి దాకా నడుస్తుంది. మామూలప్పుడు మూసి ఉండే పాత మిరియాల గోదాముల్లోకి అప్పుడు లోపలికి వెళ్ళవచ్చు. బొమ్మలు అర్థం కాకపోయినా ఆ గోదాముల కోసమైనా వెళ్ళాలి. అప్పుడు గదుల అద్దెలు మాత్రం పెరుగుతాయి.

ఎర్నాకుళం చేరడం, అక్కడి నుంచి నీటి మీదుగా

సికింద్రాబాదు నుంచి గుంటూరు, నెల్లూరు మీదుగా శబరి ఎక్స్‌ప్రెస్, వరంగల్లు, విజయవాడ, తిరుపతి మీదుగా కేరళ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. ఈ రెండూ ఆగేది ఎర్నాకుళం టౌన్‌లో, దాన్నే స్థానికులు నార్త్ అంటారు. ఎర్నాకుళం జంక్షన్ అంటే సౌత్. తిరుగు ప్రయాణంలో ఈ రెండూ కలగాపులగం చేసుకుని రైలు పోగొట్టుకునేవాళ్ళున్నారు, టికెట్ మీద ఏ పేరుందో చూసుకోండి. విశాఖ, రాజమండ్రి వైపు వాళ్ళకు ధన్‌బాద్ నుంచి అలెప్పీ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఉంది. విమానాశ్రయం నెడుంబాశ్శేరిలో ఉంది, ఫోర్ట్ కొచ్చికి 40 కిలోమీటర్ల పైమాటే, సాయంత్రం ట్రాఫిక్కులో రెండు గంటలు వేసుకోండి.

స్టేషన్ నుంచి ఫోర్ట్ కొచ్చికి రోడ్డున సుమారు 12 కిలోమీటర్లు, వంతెనలు దాటి తోప్పుంపడి మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలి. పగలు అలా వెళ్ళకండి. ఈ ఊరికి ముఖద్వారం నీరే. కాయల్ మీదుగా వస్తేనే ఎడమ పక్క విల్లింగ్‌డన్ దీవి రేవు, ముందు వరుసగా పాత గోదాములు, వాటి వెనక చర్చి గోపురాలు కనిపిస్తాయి. విల్లింగ్‌డన్ దీవి చాలావరకు సహజమైనది కాదు. ఇంజనీరు రాబర్ట్ బ్రిస్టో నేతృత్వంలో ఓడరేవు కోసం కాయల్ అడుగు తవ్వి తీసిన మట్టితోనే దాన్ని పోశారు. రావడానికి దారులు ఇవి:

1. వాటర్ మెట్రో. మెరైన్ డ్రైవ్ ఉత్తరపు కొసన, హైకోర్టు దగ్గర టెర్మినల్ ఉంది. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఈ బ్యాటరీ బోట్లు ఏసీవి, ఒక్కోదానిలో వంద మంది పడతారు. ఫోర్ట్ కొచ్చికి సుమారు ఇరవై నిమిషాలు, టెర్మినల్ తెరిచినప్పుడు టికెట్ 40 రూపాయలు. సీట్ల లెక్క ప్రకారమే ఎక్కిస్తారు కాబట్టి తోపులాట ఉండదు. శని, ఆదివారాల్లో సాయంత్రం నాలుగు దాటితే క్యూ చాలా పొడుగు. మట్టాంచేరిలో కూడా 2025 అక్టోబరులో టెర్మినల్ తెరిచారు, ప్యాలెస్‌కు నేరుగా వెళ్ళేవాళ్ళకు అది బాగా దగ్గర.

2. రాష్ట్ర జలరవాణా శాఖ బోటు. సుభాష్ పార్కు పక్కన ఉన్న మెయిన్ బోట్ జెట్టీ నుంచి బయల్దేరుతుంది. బస్సు టికెట్టంత కూడా ఉండదు. కిటికీలకు అద్దాలుండవు, గాలి మొహానికి కొడుతుంది, పక్కన కూర్చునేది ఆఫీసుకు పోయేవాళ్ళు, చేపల బుట్టలవాళ్ళు. ఫోటోలకూ మనసుకూ ఇదే నచ్చుతుంది. చిల్లర దగ్గర ఉంచుకోండి.

3. వైపిన్ మీదుగా. వాటర్ మెట్రోలో ఫోర్ట్ కొచ్చి క్యూ మరీ పెద్దగా ఉంటే వైపిన్ బోటు ఎక్కండి. అక్కడ దిగి రో-రో మీద, అంటే కార్లూ బైకులూ మనుషులూ కలిసి ఎక్కే పంటు లాంటి దాని మీద, పాయ దాటితే అయిదారు నిమిషాల్లో ఫోర్ట్ కొచ్చి. గోదావరి మీద పంటు ఎక్కిన వాళ్ళకు ఇది కొత్త కాదు.

రాత్రి తొమ్మిది తర్వాత రైలు దిగితే మాత్రం పడవ మీద ఆశ పెట్టుకోకండి. క్యాబ్‌లో రోడ్డునే వెళ్ళి, మర్నాడు పొద్దున రో-రోలో వైపిన్ దాకా పోయి రండి. ఆ దృశ్యం అలా దక్కుతుంది.

బస ఫోర్ట్ కొచ్చిలోనే తీసుకోండి. ఎర్నాకుళంలో హోటళ్ళు చవక, అయినా పొద్దున్న ఆరు గంటల వేళ, రాత్రి ఎనిమిది తర్వాత వేళ ఈ ఊరు అందంగా ఉంటుంది, ఆ రెండూ అక్కడ ఉంటే పోగొట్టుకుంటారు. హోమ్‌స్టేలు చాలా ఉన్నాయి. బుక్ చేసేముందు కిటికీలకు దోమల జాలీ ఉందా అని తప్పకుండా అడగండి. కొచ్చి దోమలు సాయంత్రం అయిదున్నరకే మొదలవుతాయి.

మొదటి రోజు: పొద్దున మట్టాంచేరి, సాయంత్రం కథకళి

తొమ్మిదికల్లా ప్యాలెస్ గేటు దగ్గర ఉండండి. పది దాటితే స్కూలు బస్సులు, టూరు బస్సులు వచ్చేస్తాయి. చిత్రాలున్న గది చిన్నది, ముప్ఫై మంది చేరితే గోడ కనపడదు. పేరు డచ్ ప్యాలెస్ అయినా దీన్ని కట్టింది పోర్చుగీసువాళ్ళు, 16వ శతాబ్దం మధ్యలో, కొచ్చి రాజుకు కానుకగా. డచ్చివాళ్ళు చేసింది మరమ్మతే. బయటి నుంచి చూస్తే మామూలు పెంకుటింటిలా ఉంటుంది, నిరుత్సాహపడకండి.

నేరుగా పల్లియరకు, అంటే రాజుగారి పడకగదికి వెళ్ళండి. గోడల నిండా రామాయణం, దశరథుడి పుత్రకామేష్టి దగ్గర మొదలై రాముడు అయోధ్యకు తిరిగి రావడం దాకా. కథ మీకు తెలుసు కాబట్టి గైడు అక్కర్లేదు, ఎక్కడ ఏ ఘట్టమో పిల్లలతో వెతికించండి. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఖాళీ అంటూ ఉండదు, ఒకరి కిరీటం పక్కనే ఇంకొకరి మోచేయి, సందు దొరికిన చోటల్లా ఆకులు, జంతువులు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులదే రాజ్యం. లేపాక్షి కప్పు మీది బొమ్మలు చూసినవాళ్ళు రెండింటినీ పోల్చి చూడండి. అవీ 16వ శతాబ్దంవే. లేపాక్షిలో మనుషులు సన్నగా, చీరల గీతలు స్పష్టంగా, చుట్టూ జాగా వదిలి ఉంటారు. ఇక్కడ ఒళ్ళు నిండుగా, కళ్ళు పెద్దగా, కిరీటాలు కథకళి వేషాన్ని తలపిస్తాయి. సాయంత్రం ఆట చూసేటప్పుడు ఈ గోడే గుర్తొస్తుంది, అందుకే రెండూ ఒకే రోజు పెట్టుకోమనేది.

కింది అంతస్తులో ఆడవాళ్ళ గదులున్నాయి. వాటిని చాలామంది వదిలేసి పోతారు. కృష్ణుడు ఒకేసారి చేతులతో, కాళ్ళతో గోపికలను లాలించే బొమ్మ, పార్వతీ కల్యాణం అక్కడే. పైన నేలను కూడా చూడండి. నల్లరాయిలా మెరిసేది రాయి కాదు. కాల్చిన కొబ్బరి చిప్పల మసి, సున్నం, చెట్ల రసాలు, గుడ్డు తెల్లసొన కలిపి నున్నగా రుద్దిన నేల అది. ఇన్ని వందల ఏళ్ళయినా చల్లగా ఉంటుంది. లోపల ఫోటోలు తీయనివ్వరు. గంటన్నర కేటాయించండి.

ప్యాలెస్ నుంచి అయిదు నిమిషాలు నడిస్తే జ్యూ టౌన్, ఆ వీధి చివర పరదేశి సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. పొద్దున పది నుంచి ఒంటి గంట, మళ్ళీ మూడు నుంచి అయిదు దాకా చూడనిస్తారు. చెప్పులు బయట విప్పాలి, మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలుండాలి, నిక్కర్లతో వెళితే ఆపేస్తారు. 1568లో కట్టారు. 1662లో పోర్చుగీసువాళ్ళు ధ్వంసం చేస్తే, డచ్చివాళ్ళ అండతో 1664లో మళ్ళీ లేచింది. లోపల మొదట చూపు పైకి, వేలాడే గాజు దీపాల మీదికి పోతుంది. మీరు కింద చూడండి. చైనా నుంచి తెచ్చిన తెలుపు, నీలం పింగాణీ పలకలు వెయ్యికి పైగా ఉన్నాయి. చేత్తో గీసినవి కాబట్టి చెట్టు కొమ్మ ఒక పలకలో కుడికి వంగితే పక్కదానిలో ఎడమకు వంగుతుంది. బయట గడియార స్తంభం 1760లోది. ఒక ముఖానికి హీబ్రూ అంకెలు, ఇంకో ముఖానికి రోమన్ అంకెలు.

ఒకప్పుడు ఈ వీధి నిండా ఉన్న యూదు కుటుంబాలు 1948 తర్వాత ఇజ్రాయెల్ వెళ్ళిపోయాయి. ప్రార్థన జరపడానికి పదిమంది మగవాళ్ళు కావాలన్నది వాళ్ళ నియమం, ఆ పదిమందీ ఇక్కడ లేరు. బయటి నుంచి వచ్చినవాళ్ళు కలిస్తేనే ప్రార్థన. అందుకే లోపల గొంతు తగ్గించండి. అది మ్యూజియం కాదు.

మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక అరగంట బజార్ రోడ్డులో నడవండి. బియ్యం బస్తాలు, ఎండుమిర్చి, శొంఠి గోదాములు ఇప్పటికీ పనిలో ఉన్నాయి. లారీలోకి బస్తాలు ఎక్కిస్తుంటే దారి ఇవ్వండి, పని చేసేవాళ్ళ ఫోటో తీసేముందు అడగండి. గుజరాతీలు, కొంకణీలు, కచ్ నుంచి వచ్చినవాళ్ళు, తమిళులు ఈ కొద్దిపాటి జాగాలోనే తరాలుగా ఉంటున్నారు. చెర్లాయిలో కొంకణీల తిరుమల దేవస్వం గుడి ఉంది, అక్కడి మూలవిరాట్టు మన వెంకటేశ్వరస్వామే. కేరళ గుళ్ళలో సాధారణంగా మగవాళ్ళు చొక్కా విప్పి వెళ్ళాలి. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నో, సాయంత్రం అయిదు తర్వాతో వెళ్ళండి.

కథకళికి పొద్దునే టికెట్ తీసుకోండి. ఫోర్ట్ కొచ్చిలో రోజూ ఆడే చోట్లు ఒకటి రెండున్నాయి, సాంతా క్రూజ్ బసిలికా అనే పెద్ద చర్చి దగ్గరున్న కేరళ కథకళి సెంటర్ వాటిలో ఒకటి. ఆట ఆరింటికి, కానీ మీరు అయిదింటికే వెళ్ళాలి. ఆ గంటలో వేదిక మీదే మేకప్ వేసుకుంటారు, అసలు విషయం సగం అందులోనే ఉంది. వెల్లకిలా పడుకున్న నటుడి గడ్డం చుట్టూ బియ్యప్పిండి ముద్దతో, కాగితంతో తెల్లని అంచు కడతారు, దాని పేరు చుట్టి. కంటి రెప్ప కింద చుండప్పూ గింజ ఒకటి పెట్టుకుంటారు, కాసేపటికి కళ్ళు ఎర్రబడతాయి. ఆకుపచ్చ ముఖం ధీరుడు. ఆకుపచ్చ మీద ఎర్రని కత్తి గుర్తుంటే రాజసం ఉన్న దుష్టుడు. తెల్ల గడ్డం హనుమంతుడు. ముందు వరుసలో కూర్చోండి, కళ్ళూ కనుబొమలూ కనపడకపోతే ఆట లేనట్టే. కూచిపూడిలో నటులు మాట్లాడతారు, పాడతారు. ఇక్కడ నటుడు నోరు విప్పడు. పాట వెనక నిలబడిన గాయకులది, మాట చేతి ముద్రలది. అది తెలియక పిల్లలు "ఏం చెప్పట్లేదేంటి" అని విసుగుపడతారు, ముందే చెప్పి ఉంచండి. టూరిస్టుల ఆట గంటన్నరలో అయిపోతుంది. గుళ్ళలో అయితే తెల్లవార్లూ ఆడతారు.

రెండో రోజు: తెల్లారగట్ల వలలు, ఆపైన కోట వీధులు

ఆరున్నరకల్లా చీనవలల దగ్గర, అంటే ఒడ్డున దూలాలకు వేలాడే పెద్ద చేపల వలల దగ్గర ఉండండి. సాయంత్రం సూర్యాస్తమయం ఫోటో అందరికీ కావాలి, జనం మధ్య వల పని తీరు కనపడదు. పొద్దున ఖాళీ. వల ఒక్కొక్కటి పది మీటర్ల ఎత్తు, నలుగురు నుంచి ఆరుగురు మనుషులు లాగుతారు. గమనించాల్సింది వలను కాదు, వెనక తాళ్ళకు వేలాడే రాళ్ళను. ఒక్కో రాయి ఒక్కో ఎత్తులో కట్టి ఉంటుంది. వల పైకి లేస్తున్నకొద్దీ రాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి కిందికి ఆనుతాయి, బరువు ఏ క్షణానా తప్పకుండా తూగుతూ ఉంటుంది. అందుకే ఒక మనిషి దూలం మీద నీటి వైపు నడిస్తే చాలు, అంత వలా నీళ్ళలోకి వంగుతుంది. ఇది చైనా వర్తకులతో వచ్చిందని ఒక మాట, మకావు నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చారని ఇంకో మాట.

మత్స్యకారులు "రండి, లాగండి" అని పిలుస్తారు. వెళ్ళండి, మంచి అనుభవం. ఆ తర్వాత డబ్బులు అడుగుతారు, ఎంతిస్తారో ముందే అనుకుని వెళితే మొహమాటం ఉండదు. ఇవ్వడంలో పిసినారితనం వద్దు, వల ఒక్కోసారి లాగితే పడే చేప ఇప్పుడు బాగా తక్కువ. వానలు వెనకబట్టాక కాయల్ నుంచి గుర్రపుడెక్క కొట్టుకొచ్చి వలల్లో చిక్కుకుంటుంది, ఆ రోజుల్లో పని ఆగిపోయి కనిపిస్తే అదే కారణం. పక్కనున్న ఒడ్డు నడవడానికే, స్నానానికి కాదు. రాళ్ళున్నాయి, ఓడల దారి కావడంతో ప్రవాహమూ ఎక్కువ. సముద్ర స్నానం కావాలంటే వైపిన్ దీవి ఉత్తరపు కొసన చెరాయి బీచికి వెళ్ళండి.

టిఫిన్ చేసి తొమ్మిదింటికి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. 1503లో చెక్కతో మొదలై, 1516కల్లా రాతికట్టడం అయ్యింది. భారతదేశంలో యూరపు వాళ్ళు కట్టిన చర్చిల్లో ఇదే పాతది. వాస్కో డ గామా 1524 డిసెంబరులో కొచ్చిలోనే చనిపోయాడు, ఇక్కడే పూడ్చారు. 1539లో ఎముకలను పోర్చుగల్ తీసుకుపోయారు, కటకటాల మధ్య కనిపించే రాయి ఖాళీ సమాధిదే. గోడలకు నిలబెట్టిన సమాధి రాళ్ళు ఒక పక్క పోర్చుగీసువి, ఇంకో పక్క డచ్చివి. పైన పొడవాటి గుడ్డ పంకాలు వేలాడుతుంటాయి. వాటి తాళ్ళు గోడ రంధ్రాల్లోంచి బయటికి పోతాయి, బయట కూలీలు కూర్చుని లాగేవారు. అరగంట చాలు.

అక్కడి నుంచి సముద్రం వైపు నడిస్తే డచ్ శ్మశానం, 1724 నాటిది. తాళం వేసే ఉంటుంది, గేటు బయటి నుంచే చూడాలి. మచిలీపట్నంలోనో భీమునిపట్నంలోనో డచ్చి సమాధులు చూసినవాళ్ళకు ఇవి వాటి తోబుట్టువుల్లా అనిపిస్తాయి. ఒకే డచ్చి ఈస్టిండియా కంపెనీ మనుషులు, వేరు వేరు తీరాలు.

సాంతా క్రూజ్ బసిలికా ప్రార్థనలు లేని వేళ చూడండి. పాత కట్టడాన్ని ఇంగ్లీషువాళ్ళు 1795లో కూలగొట్టారు, ఇప్పటిది 1905లోది. లోపలి చిత్రాలు ఇటలీ నుంచి వచ్చిన ఆంటోనియో మొస్కేనివి. చర్చి ప్రారంభానికి కొద్ది రోజుల ముందే ఆయన పోయాడు. ఆ తర్వాత ప్రిన్సెస్ స్ట్రీట్, పరేడ్ గ్రౌండ్ చుట్టూ పెద్ద నిద్రగన్నేరు చెట్ల కింద ఊరికే తిరగండి. బాస్టియన్ బంగళా 1667లో డచ్చివాళ్ళు కోట బురుజు మీద కట్టింది. కోట పేరు మిగిలింది కానీ గోడలు దాదాపు ఏవీ మిగల్లేదు, కోట ఎక్కడుందని వెతికి అలసిపోకండి.

మధ్యాహ్నం ఓపిక ఉంటే తృప్పూణిత్తుర హిల్ ప్యాలెస్‌కు మెట్రో ఎక్కి వెళ్ళవచ్చు. అది కొచ్చి రాజుల నివాసం, ఇప్పుడు మ్యూజియం. పిల్లలు అలిసిపోయి ఉంటే మానేయండి, పాత ఊరిని వదిలి పరుగెత్తేంత అవసరం లేదు.

ఆటోలు, కొనుగోళ్ళు

"యాభై రూపాయలకు ఊరంతా చూపిస్తా" అన్న ఆటో ఎక్కకండి. చూపించేది ఊరు కాదు, కమీషన్ ఇచ్చే షాపులు. "షాపులు వద్దు, ప్యాలెస్ దాకా మాత్రమే" అని ముందే చెప్పి, రేటు మాట్లాడుకుని ఎక్కితే మంచి ఆటోవాళ్ళే దొరుకుతారు.

సుగంధ ద్రవ్యాలు జ్యూ టౌన్ అలంకరణ షాపుల్లో కాక, స్థానికులు కొనే బజార్ రోడ్డు వైపు కొట్లలో కొనండి. మిరియాలు కాసిని నీళ్ళలో వేసి చూపించమనండి, గట్టివి మునుగుతాయి, బొప్పాయి గింజలూ తాలూ తేలతాయి. తెల్లిచెర్రి అని ఎక్కువ రేటు చెప్పేది వేరే జాతి కాదు, పెద్ద గింజలు ఏరినవి. ఏలకులు ఒకటి విప్పి చూడండి, లోపల గింజలు నల్లగా, కొంచెం జిగటగా ఉండాలి. పైకి మాత్రమే పచ్చగా ఉండి లోపల ఎండిపోయి ఉంటే పాత సరుకు. లవంగాన్ని గోటితో నొక్కితే నూనె ఊరాలి. దాల్చినచెక్క పలచని పొరలు చుట్టచుట్టినట్టు ఉంటే అసలుది, మందంగా ఒకే చెక్కలా ఉంటే అది వేరే చెట్టు బెరడు. కుంకుమపువ్వు కేరళలో పండదు, ఇక్కడ కొనే పని లేదు.

పాత వస్తువుల షాపుల్లో చాలావరకు కొత్తగా చేసి పాతబరిచినవే. ఇంట్లో పెట్టుకోవడానికి నచ్చితే ఆ రేటుకే కొనండి. విదేశాల్లో ఉండేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. నిజంగా వందేళ్ళు దాటిన పురావస్తువును దేశం దాటించడం చట్టరీత్యా నేరం. షాపతను "అసలైన పాతది" అని ఎంత గట్టిగా చెబితే మీకు అంత ఇబ్బంది.

తిండి, నీళ్ళు, నాలుగు మాటలు

హోటల్లో కూర్చోగానే గులాబీ రంగు వేడినీళ్ళు పోస్తారు. పతిముఖం అనే చెక్క వేసి కాచినవి, భయం లేదు, తాగండి. అన్నం లావుగా, ఎర్రగా ఉంటుంది, అది మట్ట బియ్యం. పడకపోతే "వెళ్ళచోరు" అడిగితే తెల్లన్నం ఇస్తారు. మట్టాంచేరి బిర్యానీ హైదరాబాదు బిర్యానీలా ఉంటుందనుకుని వెళ్ళకండి. పొట్టి కైమ బియ్యంతో, మన చిట్టిముత్యాల్లాంటి గింజతో చేస్తారు, కారం తక్కువ, నేతివాసన ఎక్కువ. పేరున్న చోట్ల మధ్యాహ్నం రెండింటికల్లా అయిపోతుంది, పన్నెండున్నరకే వెళ్ళండి. శాకాహారులకు ఎర్నాకుళంలో ఎన్నో హోటళ్ళున్నాయి, ఫోర్ట్ కొచ్చిలో తక్కువ. మాలలో ఉన్న స్వాములు భోజనం ఎర్నాకుళంలోనే ముగించుకుని రావడం నయం.

వలల పక్కన చేప కొని ఎదురుగా వండించుకోవచ్చు. కొనేముందు మొప్పలు ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. తూకం మీ ముందు వేయించండి. వంట కూలి ఎంతో, మసాలా కలిపా విడిగానా అన్నది చేప చేతికి తీసుకోకముందే తేల్చుకోండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి.

తెలుగు నడవదు, హిందీ, ఇంగ్లీషు కొంత నడుస్తాయి. "ఎత్ర" అంటే ఎంత, "మతి" అంటే చాలు, "ఎవిడె" అంటే ఎక్కడ, "వెళ్ళం" అంటే నీళ్ళు. మగవాళ్ళను "చేట్టా", ఆడవాళ్ళను "చేచ్చీ" అని పిలిస్తే ముఖాలు విచ్చుకుంటాయి.

తిరుగు రైలుకు కనీసం రెండున్నర గంటల ముందు ఫోర్ట్ కొచ్చి వదలండి. పడవ క్యూకు అరగంట, ప్రయాణం ఇరవై నిమిషాలు, జెట్టీ నుంచి స్టేషన్‌కు ఆటో మరో ఇరవై. మిగిలింది సాయంత్రపు ట్రాఫిక్కుకు. సామాను ఎక్కువుంటే సాయంత్రం ఆరు నుంచి ఏడు మధ్య జలరవాణా శాఖ బోటు వద్దు, ఆఫీసులు వదిలే వేళ అది నిండిపోతుంది. ఆ గంటలో అయితే వాటర్ మెట్రో ఎక్కండి, అదీ కుదరకపోతే తోప్పుంపడి రోడ్డే గతి.